బల్బు మసకబారితే మంచిదే

గురువారం మధ్యాహ్నం, సుఆమేలో
రేకుల కప్పు టిక్కుటిక్కుమని కాలుతున్న వేళ
వచ్చాడు ఫ్రింపాంగ్,
చొక్కా విప్పి అందులో చుట్టుకొచ్చిన యాంప్లిఫయరుతో,
పసిదానికి జ్వరమొచ్చినట్టు మొహం పెట్టి.

"అక్కా, బండి మూగదైపోయింది.
రెండు రోజులుగా జనం పక్క బండెక్కుతున్నారు."

మూత తీయకముందే ముక్కు చెప్పేసింది.
కాలిన రెసిస్టరు వాసన
ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు:
చేప మాడినట్టూ కాదు, రబ్బరు మాడినట్టూ కాదు,
రెంటికీ మధ్య ఎక్కడో, కొంచెం తీపి.

పద్నాలుగు మరలకి పదకొండే ఉన్నాయి.
లోపల మూడు హర్మటాన్ గాలులు దాచిన దుమ్ము,
ఒక బొద్దింక గుడ్లతిత్తి,
ఫ్యూజు ఉండాల్సిన చోట
మెలితిప్పిన రాగితీగ.
"ఎవడు పెట్టాడ్రా ఇది?"
ఫ్రింపాంగ్ రోడ్డు వైపు చూశాడు.
రోడ్డు మీద చూడాల్సిందేమీ లేదు.

మీటరు కొసలు ఆనించాను. కూ అంది.
పక్కదాని మీద పెట్టాను. కూ.
మూడోదీ అంతే.
కూ అనకూడని చోట కూ అంటే
లోపల గోడలు కూలినట్టే.
వాటి వెనక రెసిస్టర్లు బొగ్గయిపోయి
ఒంటిమీద రంగు గీతలే లేవు.
ఎన్ని ఓములో, బతికున్న పక్కవాటిని అడిగి రాసుకున్నాను,
కాలిన ఇంటివాడి పేరు
పొరుగింట్లో కనుక్కున్నట్టు.

బోర్డు తిరగేస్తే
ఎడమ అంచున పాత టంకం.
కాలు కొంచెం వంచి, ఏటవాలుగా తుంచి,
చుక్క కూడా ఒలకకుండా.
ఆ దస్తూరీ నాకు తెలుసు.
టావియా మాస్టారు.
తొమ్మిదేళ్ళు ఆయన చేతికి తడి స్పాంజీ అందించాను.
నాలుగేళ్ళ కింద రోడ్డుకి ఇవతల నా షెడ్డు వేసుకున్నాను.
ఆ రోజు నుంచీ మా మధ్య ఉన్నది రోడ్డే.

కేజెటియా నుంచి తెచ్చిన ట్రాన్సిస్టర్లు నా డబ్బాలో బోలెడు,
థిన్నరు రాస్తే పేరు చెరిగిపోయే రకం.
శనివారం ఆడై బండి బెక్వాయ్‌కి పోవాలి, చావింటికి.
నలుపూ ఎరుపూ కట్టుకున్న ఇరవైమంది
దారంతా పాట లేకుండా ఎలా కూర్చుంటారు?
అసలు సరుకు ఎక్కడుందో తెలుసు:
ఆయన బల్ల కింద, ఎడమ పక్క, దగ్గుమందు సీసాలో.

రోడ్డు దాటాను.
లారీలేవీ లేవు, అయినా చాలాసేపు పట్టింది.

కళ్ళద్దాల పైనుంచి చూశాడు.
చేతులు వణుకుతున్నాయి ఇప్పుడు.
"ఎన్ని?"
"మూడు."
ఎనిమిది లెక్కపెట్టాడు.
"బతికున్నాయి కదాని మిగతా అయిదూ ఉంచకు.
అవీ ఆ మంట చూసినవే."
డబ్బు తీస్తే
కెంకె పొట్లం విప్పుకుంటూ, చెయ్యి ఖాళీ లేదన్నాడు.

ఎనిమిదీ మార్చాను.
కింద కొత్త అభ్రకం, తెల్లటి పేస్టు పల్చగా.
బ్యాటరీకీ బోర్డుకీ మధ్య పాత హెడ్‌లైటు బల్బు కట్టాను,
ఆయన నేర్పిందే:
నిండుగా వెలిగి నిలిచిందా, లోపల ఇంకా రోగముంది.
ఒక్కసారి మెరిసి మసకబారిందా, బతికింది.
వెలుగు తగ్గితే సంతోషించే పని
నాకు తెలిసి ఇదొక్కటే.

స్విచ్చి వేశాను.
తెల్లగా భగ్గుమంది.
ఊపిరి బిగబట్టాను.
తీగ పసుపై, ఎరుపై,
కునుకు తీసే పిల్లి కన్నులా మూసుకుంది.

రోడ్డుకవతల
కెంకె ముద్ద నోటి దగ్గరే ఆపి
ఒక ముసలాయన ఇటే చూస్తున్నాడు.
బల్బు ఆరాక
ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఫ్రింపాంగ్ గొణిగాడు:
"మునుపటంత మోత లేదక్కా."
ఉండదు.
రాగితీగ నా జేబులో ఉంది.
గెయిన్ మర సగానికి తిప్పి
దాని నెత్తిన లక్క చుక్క వేశానని
వాడికి చెప్పలేదు.